ఏ తులము, ఏ శేరు?

చార్మినారునుండి ఉత్తరముగా కొద్దిదూరము నడచి గుల్జార్ హౌజు చేరినవారికి నలుదిక్కుల నాలుగు కమానులు గోచరించును. ఆ కమానుల నడుమను, పత్తర్‌గట్టీ రాతివరుసలలోను, వాని వెనుకనున్న ఇరుకు సందులలోను బంగారము, వెండి, ముత్యములు, రత్నములు తూచి విక్రయించు అంగళ్లు తరతరములుగా నెలకొనియున్నవి. అచ్చట ఉదయము దుకాణము తెరచినది మొదలు రాత్రి మూయువరకు చెవినిబడు మాట తులము. "తులం ఎంత నడుస్తున్నది సేఠ్?" అని కొనవచ్చినవారు అడుగుదురు, సేఠ్ ధర చెప్పును, బేరము సాగును. ఇరువురును ఒకే మాట పలుకుచున్నారు గనుక ఇరువురి మనస్సులలోను ఒకే బరువు ఉన్నదని మనము తలంతుము. కాని నేటి అంగడి ధరలో తులమనగా 10 గ్రాములు. తాతలనాటి నగలపట్టీలో తులమనగా 11.664 గ్రాములు, ఆ వీధిలోనే ఉన్న వైద్యుని లెక్కలో తులమనగా తరచుగా 12 గ్రాములు. పేరు నిలిచినది, బరువు కదలినది.

పాత తూనికలను కొత్త తూనికలలోనికి మార్చుట కేవలము గుణకార భాగహారముల పనియని మనము బడిలో నేర్చుకొంటిమి. ఆ నేర్పిన పట్టికలలో దోషము లేదు. కాని ఆ పట్టికను తెరచుటకు ముందు ఒక విచారణ జరుగవలసియున్నది. మన చేతిలోని కాగితముమీద వ్రాసియున్న తులము ఏ కాలపుది, ఏ ఊరిది, ఏ వర్తకమునకు చెందినది అని తెలిసికొననిచో, దశాంశములను ఎంత సూక్ష్మముగా లెక్కించినను ఫలితము తప్పును. ఈ సత్యము బోధపడుటకు పాతబస్తీకంటె అనువైన స్థలము తెలుగునాట మరియొకటి కలదని నాకు తోచదు. ఏలయన మొగలుల తూనిక, కుంఫిణీవారి తూనిక, నిజాము నాణెము, యూనానీ వైద్యుని లెక్క, ధర్మశాస్త్రపు లెక్క, ముత్యాల వర్తకుని లెక్క ఇవి యన్నియు ఇచ్చటి కొలది వీధులలోనే ఒకదానినొకటి ఒరసికొనుచు బ్రదికినవి.

వీనిలో చిన్న తూనికలకెల్ల మూలము ఒక గింజ. కంచెలమీద ప్రాకు తీగకు కాచి, దేహమంతయు ఎర్రగాను మొదట మాత్రము నల్లగాను ఉండు గురిగింజనే కంసాలులు రత్తీ యందురు. సంస్కృతమున అది గుంజ. దాని పైపొర మిక్కిలి గట్టిది. వాననీటికి ఉబ్బదు, ఎండకు వాడదు. గింజకు గింజకు బరువులో భేదముండినను, ఏరి యెంచి తీసినచో ఆ భేదము స్వల్పము. ఎనిమిది రత్తీలు ఒక మాసము, పండ్రెండు మాసములు ఒక తులము; కావున తులమునకు 96 రత్తీలు. కంసాలి త్రాసులో అసలు గింజలే వేసిన కాలము గతించి, వానికి బదులుగా ఇత్తడి తూకపురాళ్లు వచ్చిన తరువాత కూడ లెక్క మాత్రము గింజ పేరనే సాగినది. అయితే గింజ యొకటియైనంత మాత్రమున పై మెట్టులన్నియు ఒకటి కానక్కరలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఐదు గుంజలు ఒక మాషకము, పదునారు మాషకములు ఒక సువర్ణము, నాలుగు సువర్ణములు ఒక పలము. అనగా ఆ సువర్ణమున ఉన్నవి 80 గుంజలే. ప్రాచీన గ్రంథమున మాషము కనబడగానే మన కంసాలి మాసమేయని భ్రమించి లెక్క వేసినవారు, ఐదు గుంజలున్న చోట ఎనిమిది గుంజలు పెట్టినవారగుదురు.

గింజపైనుండి రాజ్యపు నాణెముపైకి తూనిక ఎక్కిన పిదప కథ మరింత చిక్కుపడినది. 1833లో బంగాళాదేశమున కుంఫిణీవారు చేసిన శాసనముచే రూపాయి బరువు 180 గ్రెయిన్లనియు, ఆ రూపాయి బరువే తులమనియు నిర్ణయమయ్యెను. ఒక గ్రెయిన్ 64.79891 మిల్లీగ్రాములు గనుక తులము 11.6638 గ్రాములయినది, రత్తీ 0.1215 గ్రామయినది. 80 తులములు ఒక శేరు, 40 శేర్లు ఒక మణుగు. ఈ యేర్పాటులో సామాన్యునకు గొప్ప సౌకర్యమొకటి కలదు: తూకపురాయి లేనివాడు రొక్కపు సంచిలోని రూపాయిని తీసి త్రాసులో వేసికొన్న చాలును, తులము లభించును.

కాని హైదరాబాదులో ఆ సౌకర్యమే ప్రమాదమగునట్టి స్థితి యుండెను. నిజాము రాజ్యమునకు తన నాణెము తనకుండెను. మీర్ మహబూబ్ అలీఖాను కాలమున చార్మినారు బొమ్మతో వెలువడిన హాలీ సిక్కా రూపాయి బరువు 11.178 గ్రాములు, అనగా బ్రిటిషు రూపాయికంటె దాదాపు అరగ్రాము తక్కువ. ఒక్కటి తూచిన భేదము చేతికి తెలియదు. నూరు తులముల వెండిని తూచుటకు నూరు కుంఫిణీ రూపాయలకు బదులు నూరు హాలీ రూపాయలను తక్కెడలో పెట్టినయెడల కొనువానికి 48 గ్రాములకు పైగా, అనగా నాలుగు తులములకు మించిన వెండి తగ్గిపోవును. రెండు రూపాయలును వెండివే, రెండింటికి పేరొక్కటే, రెండును ఒకే బజారులో చెల్లినవి. పాత కాగితములను చదువువారు "రూపాయి ఎత్తు" అను మాట కంటబడినచో ఏ రూపాయియని ఆగి యోచింపవలెను.

తులము కుంఫిణీవారికి పూర్వము మరికొంత బరువైనదనుటకు ఒక అద్భుతమైన సాక్ష్యము నిజాము వంశముతోనే ముడిపడియున్నది. జహంగీరు పాదుషా 1613లో ఆగ్రా టంకశాలయందు అచ్చు వేయించిన వేయి మొహరీల బంగారు నాణెము తరతరములు చేతులు మారి నిజాముల ఇంటికి చేరినదని ప్రసిద్ధి. 1987లో అది జెనీవాలో వేలమునకు వచ్చినప్పుడు లోకమంతయు దానిని గూర్చి చెప్పుకొన్నది. దాని బరువు 11,935.8 గ్రాములు. వేయి తులములని దానిని మన 11.6638 గ్రాముల లెక్కన గుణించి చూచినచో 11,663.8 మాత్రమే వచ్చును. మిగిలిన 272 గ్రాములు టంకశాలవాని పొరపాటు కాదు. మొగలుల తులము మన తులముకంటె పెద్దది. అక్బరు, జహంగీరు, షాజహాను ముగ్గురును శేరును సైతము ఒకరి తరువాత ఒకరు పెంచుచు వచ్చిరి: అక్బరు శేరు 30 దాముల యెత్తు, జహంగీరు శేరు 36, షాజహాను శేరు 40. పాదుషా మారిన శేరు మారెడి దేశమున, పాత బరువును శతాబ్దము పేరు చెప్పకుండ మార్చబూనుట దుస్సాహసము.

ఇప్పుడు మార్చు విధానమును ఒక నగలపట్టీపై ప్రయోగించి చూతము. గత శతాబ్దపు పూర్వార్ధమున పెండ్లినాడు వ్రాసిన పట్టీలో ఒక చంద్రహారము "8 తులాల 5 మాసాల 3 రత్తీలు" అని యున్నదనుకొందము. మొదట అంతయు రత్తీలలోనికి దింపవలెను: ఎనిమిది తులములకు 768, ఐదు మాసములకు 40, పైన 3, మొత్తము 811 రత్తీలు. దీనిని 0.1215తో గుణించిన 98.5 గ్రాములు వచ్చును. నేటి అంగడి భాషలో ఇది పది తులములకు ఒకటిన్నర గ్రాము తక్కువ. పట్టీలో ఎనిమిదిన్నరకు లోపుగా నుండిన హారము కాంటాపై దాదాపు పదియై కూర్చుండును. ఇంటివారు ఆశ్చర్యపడి, ఎవరో కరిగించి కలిపిరేమోయని సందేహించుటయు కలదు. నగలో మార్పేమియు లేదు. మారినది తులము.

విపరీతముగా జరిగినప్పుడు మాత్రము నష్టము నిజమైనదే. పాత పట్టీలోని పది తులములను నేటి పది తులములుగా ఎంచి అన్నదమ్ములు పంచుకొన్నను, కుదువ చీటిని విడిపించుకొన్నను, 16.6 గ్రాముల బంగారము లెక్కలోనుండి జారిపోవును. నగ యెదుట నున్నప్పుడు త్రాసు నిజము చెప్పును. నగ లేక కాగితమొక్కటే మిగిలినప్పుడు, వీలునామాలలోను, పంపకపు పత్రములలోను, ఆ నిజము చెప్పువారుండరు. అందుచేత వర్తకులు 10 గ్రాములను తులమని పిలుచుటలో నాకు తప్పు కనబడదు గాని, తులమని వ్రాసిన ప్రతి చోటను ప్రక్కన గ్రాములు వ్రాయింపక విడుచుట కొనువారి తప్పని దృఢముగా తలంతును.

కోస్తా జిల్లాలనుండి వచ్చి నగరమున స్థిరపడిన కుటుంబములకు ఇంకొక చిక్కు కలదు. వారి లెక్క కాసులలో సాగును; కాసనగా 8 గ్రాములు, 7.988 గ్రాముల ఇంగ్లండు సవరనునకు దగ్గరి తూనిక. పది కాసుల బంగారమనగా 80 గ్రాములు. పది తులములనగా 100. పది పాత తులములనగా 116.6. వియ్యమందు రెండు ప్రాంతములవారు "పది పెట్టుదుము" అని మాటయిచ్చుకొన్నప్పుడు, ఆ పదికి వెనుక ఏమున్నదో అప్పుడే తేల్చుకొనుట ఉభయులకును గౌరవము. గల్ఫునకు పోయి సంపాదించిన పాతబస్తీ యువకులు ఎరిగిన పది తులాల బిస్కెట్టు మాత్రము నేటికిని పాత తులమునే పాటించుచున్నది. దాని బరువు 116.64 గ్రాములు, ట్రాయ్ ఔన్సులలో సరిగా మూడుముప్పావు.

బంగారమును విడిచి బియ్యపు బస్తాలకు, పప్పు దినుసులకు వచ్చినచో భేదములు రత్తీలలో నుండవు, పుట్లలో నుండును. హైదరాబాదు రాజ్యమున శేరనగా 80 తులములు, అనగా 933 గ్రాములు. దానిలో పావుశేరు 20 తులములు, ఛటాకు 5 తులములు. పైకి పోయిన 40 శేర్లు మణుగు, మూడు మణుగులు, అనగా 120 శేర్లు, ఒక పల్లా. ధాన్యపు ధరలు పల్లాకింతయని చెప్పుకొనెడివారు. కృష్ణకు ఆవలి జిల్లాలలో, మదరాసు రాజధాని తూనిక చెల్లిన తెలుగునాట, క్రమమే వేరు: మూడు తులములు ఒక పలము, ఎనిమిది పలములు ఒక శేరు, ఐదు శేర్లు ఒక వీసె, ఎనిమిది వీసెలు ఒక మణుగు, ఇరువది మణుగులు ఒక బారువు. ఈ శేరున ఉన్నవి 24 తులములే; అనగా 280 గ్రాములు. గుంటూరు శేరు మూడున్నూ మరి మూడవవంతున్నూ కలసిననే గాని హైదరాబాదు శేరొక్కటి కాదు. విచిత్రమేమనగా మణుగుల విషయమునను సరిగా ఈ నిష్పత్తియే: అచ్చటి మణుగు 960 తులములు, అనగా 11.2 కిలోలు, ఇచ్చటి మణుగు 3,200 తులములు, అనగా 37.3 కిలోలు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, కర్నూలునుండి కార్యాలయములు తరలివచ్చినప్పుడు, ఆ ఉద్యోగుల కుటుంబములు ఈ బజారులలో అడుగుపెట్టినవి. ఒకే భాష మాటలాడు రెండు ప్రాంతములవారు ఒకే మాటతో మూడింతలకు పైబడిన భేదము గల బరువులను తలంచుచుండిరనుట సామాన్య విషయము కాదు. వంటయింటి లెక్కలలో ఇంతకంటె గట్టి అడ్డుగోడ మరియొకటి ఉండునా? అటు బర్మాకు కూలికి పోయిన తెలుగువారు రంగూను బజారులోను వీసెయను మాటనే విని సంతసించియుందురు. కాని ఆ వీసె 1.63 కిలోలు, మన వీసె 1.4 కిలోలు.

శేరు చిక్కును మరింత పెంచినది కొలపాత్ర. గిద్దె, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచము అనునవి తూనికలు కావు, కొలతలు. శేరు మాత్రము తూనికగాను, పల్లెలలో కొలపాత్రగాను రెండు వేషములు వేసినది. సోలెడు బియ్యము, సోలెడు ఉప్పు, సోలెడు అటుకులు త్రాసుపై సమముగా తూగవు. కనుక పాత వంటపుస్తకమందలి సోలను గ్రాములలోనికి మార్చదలచినవారు ఏ వస్తువునకాయని అడుగక ముందునకు సాగరాదు.

ఈ గందరగోళమునకు ముగింపు పలుకుటకై 1956 డిసెంబరు 28న కేంద్ర ప్రభుత్వము తూనికల కొలతల ప్రమాణ శాసనమును ఆమోదించినది. అనగా ఆంధ్రప్రదేశ్ పుట్టిన రెండు నెలలలోపుననే. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినవి. 1958 అక్టోబరు 1న కిలోగ్రాము దేశమున కొన్ని ప్రాంతములలో ప్రవేశించినది. 1962 ఏప్రిల్ నాటికి పాత తూనికలకు చట్టబలము తీరినది. ఆ కొలది యేండ్లలో గృహిణి పడిన శ్రమను మనము మరచితిమి. ఆమెకు అణా పోయి ఆరుంబావు నయాపైసలు వచ్చినవి. శేరు పోయి శేరుమీద ఛటాకుకు మించిన కిలో వచ్చినది. శేరు రూపాయికి కొన్న పప్పు కిలో రూపాయి ఏడు పైసలకు ఇచ్చిననే సమమైన ధర. అంతకుమించి అడిగినవాడు ధర పెంచినవాడు. ఈ లెక్కను చదువురాని తల్లులు సయితము మనస్సులోనే కట్టుకొని బేరమాడిరి. నా యెరుకలో ఇంత పెద్ద గణితపరీక్షను మన దేశమున ఇంతమంది ఏ నాడును వ్రాయలేదు.

చట్టము పేర్లను చంపలేదు. మీర్ ఆలం మండీలో నేటికిని పచ్చిమిరపకాయలు పావు అడిగిన 250 గ్రాములిత్తురు. పాత పావుశేరు 233 గ్రాములే. తులము 11.66నుండి 10కి దిగి సన్నగిల్లగా, పావు 233నుండి 250కి ఎక్కి బలిసినది. పాత పేర్లు సమీపమున నున్న గుండ్రని సంఖ్యను వెదకికొని అందు కుదురుకొన్నవి. కొలత చరిత్రలో ఇది సహజమైన నడక.

ఆ గుండ్రని సంఖ్య అంగడికి 10 అయినది గాని, వైద్యమునకు 12 అయినది. చార్మినారు ప్రక్కనే నిజామియా తిబ్బీ కళాశాలయు, దాని ఆసుపత్రియు కలవు. యూనానీ నుస్ఖాలలో తోలా, మాషా, సుర్ఖ్ అను పేర్లు నిండియుండును. సుర్ఖ్ అనగా మన రత్తీయే. ఆయుర్వేద ఔషధ యోగ గ్రంథమున ప్రభుత్వము వేయించిన మార్పిడి ప్రకారము రత్తీ 125 మిల్లీగ్రాములు, మాషము ఒక గ్రాము, తులము లేక కర్షము 12 గ్రాములు, పలము 48 గ్రాములు. మాషమును సరిగా ఒక గ్రాముగా నిలిపినందున లెక్క చక్కగా కుదిరినది. నిజమైన తులమునకును దీనికిని భేదము నూటికి మూడు పాళ్లకు లోపు. మందులో దినుసులన్నియు ఈ ప్రమాణముననే మార్చినచో దినుసుకు దినుసుకు గల నిష్పత్తి చెడదు; మోతాదు కొంచెము పెరుగునంతే. ఒక దినుసును 12 లెక్కన, రెండవదానిని 10 లెక్కన వేసినప్పుడే యోగము చెడును. ఇంటిలో పాత చీటి చూచి చూర్ణము నూరుకొనువారు ఈ యొక్క సంగతిని మనస్సున నుంచుకొన్న మేలు. ధాతువులు, విషద్రవ్యములు చేరిన యోగములనైతే వైద్యుని విడిచి ముట్టనే రాదు.

అత్తరు అంగళ్లలోను తులమునకు 12 అంకెయే చెల్లును. అయితే అవి మిల్లీలీటర్లు. బరువును ఘనపరిమాణముగా మార్చుట తప్పుగా తోచవచ్చును గాని, ఇచ్చట ఒక చక్కని పొందిక కలదు. మేలైన అత్తరులకు ఆధారమైన చందనతైలము నీటికంటె కొంచెము తేలిక, మిల్లీలీటరుకు రమారమి 0.97 గ్రాము. 11.66 గ్రాముల చందనతైలము పట్టుటకు సీసాలో 12 మిల్లీలీటర్ల చోటు కావలయును. చిన్న సీసాను వెలుతురున కెత్తి చూపి "పూరా తోలా" అను అత్తరు సాయబు లెక్క చందనమునకు సరిపోవుచున్నది. తేలికనూనెలు కలిసినచో సరిపోదు.

ఇంతవరకు చూచినవన్నియు ఒక సంఖ్యతో గుణించిన తేలు లెక్కలు. ముత్యముల యొద్ద అది చాలదు. బస్రా ముత్యములు బొంబాయి మీదుగా పత్తర్‌గట్టీకి దిగిన కాలమున, బొంబాయి వర్తకులు చవ్ అను లెక్క కట్టిరి. ముత్యముల మొత్తము బరువును రత్తీలలో తీసి, దానిని దానితోనే గుణించి, 55తో హెచ్చించి, 96తో భాగించి, వచ్చినదానిని ముత్యముల సంఖ్యతో మరల భాగించిన చవ్ వచ్చును; ధర చవ్ కింతయని పలుకును. నాలుగు రత్తీల ముత్యమొకటి తీసికొందము: నాలుగు నాలుగుల పదునారు, చవ్ సుమారు 9.17. రత్తీకొకటి చొప్పున నాలుగు చిన్న ముత్యములు తీసికొన్నను మొత్తము బరువు నాలుగు రత్తీలే. కాని సంఖ్యతో భాగించుటచే చవ్ 2.29కి దిగును. బరువు సమము, విలువ నాలుగవవంతు. పెద్ద ముత్యము ఎంత దుర్లభమో ఆ దుర్లభతనే గణితములో ఇమిడ్చిన యీ లెక్కను కనుగొన్నవారి బుద్ధిసూక్ష్మతకు నేను నమస్కరింతును. చవ్‌ను గ్రాములలోనికి మార్పుడని అడుగుటకు అర్థము లేదు. అది బరువు కాదు, బరువునుండి పుట్టిన విలువ.

వజ్రమునకు కేరెట్టు. బంగారమున కేరెట్టనగా స్వచ్ఛత, 24 పాళ్లలో మేలిమి యెన్ని పాళ్లో చెప్పునది. రత్నమున కేరెట్టనగా బరువు, 200 మిల్లీగ్రాములు. ఈ 200 అను సంఖ్య 1907లో స్థిరపడినది. పదునేడవ శతాబ్దమున గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, మొగలు రాజ్యమున రత్తీ కేరెట్టులో ఎనిమిదింట ఏడు వంతులనియు, గోల్కొండ బీజాపురములలో వాడు మాంజెలీను ఒకటియు మూడెనిమిదవ వంతుల కేరెట్టనియు వ్రాసిపోయినాడు. ఖిల్వత్‌లోని చౌమహల్లా సౌధమున తండ్రి పాదరక్ష మొనలో ఏడవ నిజామునకు దొరికినదని చెప్పుకొను జేకబ్ వజ్రము 184.75 కేరెట్లు, అనగా 36.95 గ్రాములు, పాత తులముల లెక్కన మూడు తులముల రెండు మాసములు.

ఇక పాతబస్తీలో ప్రతి యేటను ఇంటింట జరుగు మార్పిడిని గూర్చి చెప్పవలసియున్నది. రమజాను మాసమున ముస్లిము కుటుంబములు జకాతు లెక్క కట్టుదురు. ఒక పరిమితికి, అనగా నిసాబునకు, చేరిన ఆస్తిపై నలువదింట ఒకవంతు పేదలకీయవలెను. ఆ పరిమితి ధర్మశాస్త్రమున బంగారమునకు 20 మిస్కాలులు, వెండికి 200 దిర్హములు. మిస్కాలు గుల్జార్ హౌజు త్రాసులలో లేదు. కావున దానిని తులములలోనికి, తులములను గ్రాములలోనికి మార్చవలెను. భారతదేశమున విస్తారముగా వాడుకలోనున్న లెక్క ప్రకారము మిస్కాలు నాలుగున్నర మాసములు. ఇరువది మిస్కాలులు తొంబది మాసములు, అనగా ఏడున్నర తులములు, 87.48 గ్రాములు. వెండి 52½ తులములు, 612.36 గ్రాములు. కాని ఇదే పాతబస్తీలోని జామియా నిజామియా సంప్రదాయము ననుసరించువారి లెక్కలో బంగారము 60.755 గ్రాములు, వెండి 425.285 గ్రాములు.

ఇంత భేదమునకు కారణము యవలగింజ. హనఫీ గ్రంథములలో మిస్కాలు నూరు యవలగింజల యెత్తు. రత్తీకి నాలుగు యవలని పట్టికలలో నున్నదానిని ప్రమాణముగా గైకొనిన లక్నో ఫరంగీమహల్ పండితుల లెక్కన నూరు యవలు 25 రత్తీలు. ఇరువది మిస్కాలులు 500 రత్తీలు, అనగా ఐదు తులముల రెండున్నర మాసములు. యవలను స్వయముగా త్రాసులో వేసి రత్తీలతో తూచి చూచినవారికి నూరు యవలు 36 రత్తీలయినవి. ఒకరు శాస్త్రపట్టికను నమ్మిరి, ఒకరు త్రాసును నమ్మిరి. ఉభయులును ధర్మము తప్పకుండుటకే శ్రమించిరి. తక్కువ పరిమితి గైకొన్నచో ఎక్కువమంది ఇండ్లనుండి పేదలకు చేరును గనుక, జాగ్రత్తను కోరువారు ఆ పక్షమును మెచ్చుకొందురు.

ఈ రెండు లెక్కలు విద్వాంసుల నడుమ నున్నవి. వానిపై తీర్పు చెప్పుట నా పని కాదు. మూడవ లెక్కయొకటి ఏ శాస్త్రమునను లేకుండ అజాగ్రత్తచే పుట్టుచున్నది. ఏడున్నర తులములని పెద్దలవలన విని, అంగడి తులమును పదిగా గుణించి, నిసాబు 75 గ్రాములని కట్టుకొనువారు కలరు. అట్లే 80 గ్రాముల నగ కల ఇల్లాలు దానిని ఎనిమిది తులములని చెప్పికొనును, ఏడున్నర దాటినదని జకాతునకు సిద్ధపడును, 87.48 లెక్కను పాటించు ఇంట ఆ నగ యొక్కటే యున్నప్పుడు పరిమితికి చేరనే లేదు. 60.755 లెక్కను పాటించు ఇంట అది ఎప్పుడో దాటినది, చెల్లింపవలసినది రెండు గ్రాముల బంగారము లేక దాని వెల. కావున రమజాను నెలవంక కనబడుటకు ముందే నగలను కాంటాపై పెట్టించి, బరువును గ్రాములలో కాగితముపై వ్రాయించుకొని, ఆ కాగితముతో తమ ముఫ్తీ సాహెబును దర్శించుట ఉచితము. తులములలో చెప్పినచో ఆయన మొదట అడుగవలసిన ప్రశ్న అది పాత తులమా, కొత్త తులమా యనునదే.